మీకు తెలుసా? ఎల్‌ఈడీకి చూపు కూడా ఉంది

హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం వెళ్తే దుకాణంలో ముందు అడిగేది నంబరు. ఏం పనికి అని ఎవరూ అడగరు. దీపం వెలుగుతుంది, స్పీకరు మోగుతుంది, మెమరీ చిప్పు గుర్తుపెట్టుకుంటుంది, ఇందులో అడగడానికేముంది? ఇంట్లో బల్ల మీద సొంతంగా సర్క్యూట్లు కట్టుకునేవాళ్ల ధోరణి వేరు. నంబరు పక్కన రాయని పనులు ఆ పార్టు ఇంకేం చేస్తుందా అని వాళ్లు తవ్వుతుంటారు. అలా బయటపడ్డ వింతల్లో నాకు నచ్చినవి కొన్ని చెబుతాను.

◆ మల్టీమీటర్‌ను తక్కువ డీసీ వోల్టుల దగ్గర పెట్టి, ఒక ఎర్ర ఎల్‌ఈడీ కాళ్లకు ప్రోబ్‌లు ఆనించి, దాని తలను మిట్టమధ్యాహ్నపు ఎండకు చూపించండి. బ్యాటరీ లేకుండానే ముల్లు కదులుతుంది. ఎండ బాగా ఉంటే వోల్టు దాటుతుంది కూడా. కరెంటిస్తే వెలుగునిచ్చే జంక్షనే, వెలుగు పడితే కరెంటునిస్తుంది. పైగా దీని చూపుకు ఒక పట్టింపు ఉంది. తాను వెలిగే రంగు, దానికంటే తక్కువ తరంగదైర్ఘ్యమున్న రంగులే దానికి కనిపిస్తాయి. అందుకే ఎర్ర ఎల్‌ఈడీ పచ్చ వెలుగును చూస్తుంది, పచ్చ ఎల్‌ఈడీకి ఎర్ర వెలుగు ఆనదు. అమెరికాలో ఫారెస్ట్ మిమ్స్ అనే ఆయన ఈ గుణంతోనే ఆకాశంలోని దుమ్మునూ తేమనూ కొలిచే చేతి పరికరాలు తయారుచేసి, టెక్సస్‌లో తన ఇంటి దగ్గరి పొలం నుంచి 1990లో కొలతలు మొదలుపెట్టాడు. ఖరీదైన ఫిల్టర్ల బదులు ఎల్‌ఈడీలే వాడాడు. కాలేజీలో ఆయన చదివింది ఇంజినీరింగ్ కాదు, రాజకీయశాస్త్రం.

◆ టీవీ రిమోట్ పనిచేయకపోతే కొత్త సెల్లు వేసే ముందు సెల్‌ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ మూతిని కెమెరాకు చూపిస్తూ బటన్ నొక్కండి. తెర మీద ఊదారంగు మిణుకు కనిపిస్తే రిమోట్ బతికే ఉంది. మన కంటికి అందని పరారుణ కాంతిని కెమెరా పట్టేస్తుంది. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి.

◆ ట్రాన్సిస్టర్లు గాజు గొట్టాల్లో వచ్చిన రోజుల్లో బ్రిటన్‌లో ముల్లార్డ్ కంపెనీ ఓసీ71 అనే ట్రాన్సిస్టర్‌ను నల్లరంగు పూసి అమ్మేది. వెలుతురును పసిగట్టే ఓసీపీ71 అనే రకం విడిగా దొరికేది, ధర మాత్రం చాలా ఎక్కువ. లోపలున్నది దాదాపు ఒకటేనని అక్కడి కుర్రాళ్లు కనిపెట్టేశారు. చవకది కొనడం, బ్లేడుతో నల్లరంగు గీకెయ్యడం, ఖరీదైనది తయారు! సంగతి తెలిసిన కంపెనీ తర్వాత గాజు లోపల వెలుతురు దూరని ముద్ద నింపడం మొదలుపెట్టింది.

◆ వెలుతురుకు ఉలిక్కిపడటం పాత ట్రాన్సిస్టర్ల జబ్బు, ఇప్పుడెక్కడిది అనుకుంటాం. 2015 ఫిబ్రవరిలో రాస్‌బెర్రీ పై 2 అనే అరచేతి కంప్యూటర్ వచ్చింది. కొన్నవాళ్లలో ఒకాయన ముచ్చటపడి, అది నడుస్తుండగా జీనాన్ ఫ్లాష్ ఉన్న కెమెరాతో ఫొటో తీశాడు. కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్లీ తీశాడు, మళ్లీ ఆగింది. తప్పు యూ16 అని గుర్తున్న చిన్న పవర్ చిప్పుదని చివరికి తేలింది. దానికి మామూలు నల్ల ప్లాస్టిక్ తొడుగు లేదు, సిలికాన్ దాదాపు ఒళ్లు బయటపెట్టుకునే ఉంది. ఫ్లాష్ చిమ్మిన తీవ్రమైన వెలుగు అందులో లేని కరెంటు పుట్టించి వోల్టేజీ లెక్క తప్పించింది. మామూలు గది దీపాలకు ఏమీ కాలేదు. వైద్యమూ అంతే సులువు: ఆ చిప్పు మీద కాస్త జిగురు బంక అద్దితే చాలు. నన్నడిగితే ఓసీ71 నల్లరంగును అరవై ఏళ్ల తర్వాత మళ్లీ పూసినట్టే!

◆ 1975లో అభిరుచి ఉన్నవాళ్లు మెమరీ చిప్పుతో కెమెరా కట్టుకున్నారు. మెమరీ చిప్పులో ఒక్కో గడి కాస్త విద్యుదావేశాన్ని పట్టి ఉంచుతుంది, ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. వెలుగు పడితే ఆ ఆవేశం త్వరగా కారిపోతుంది. కాబట్టి చిప్పు మూత తీసి, పైన కటకం పెట్టి, అన్ని గడుల్లోనూ ఒకట్లు నింపి, ఏ గడి ఎంతసేపట్లో సున్నా అయిందో లెక్కపెడితే ఎక్కడ వెలుతురుందో తెలిసిపోతుంది. పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ఆ ఫిబ్రవరి సంచికలో అచ్చువేసిన ఈ కెమెరా పేరు సైక్లోప్స్, గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడు. బొమ్మ 32 గడుల పొడవు, 32 గడుల వెడల్పు. మొత్తం 1,024 చుక్కలు.

◆ అదే పత్రిక జనవరి సంచిక ముఖచిత్రం ఆల్టెయిర్ 8800. విడిభాగాలు తెప్పించుకుని ఇంట్లో బిగించుకునే కంప్యూటర్ అది. కీబోర్డు లేదు, తెర లేదు, ముందు వరసగా మీటలు, దీపాలు. మెమరీ 256 బైట్లు. ఇలాంటిదాన్ని పెట్టుకుని ఏం చేస్తాం అన్న ప్రశ్నకు స్టీవ్ డాంపియర్ అనే ఆయన జవాబు చెప్పాడు. కంప్యూటర్ పక్కన రేడియో పెట్టుకుని వాతావరణ వార్తలు వింటూ ప్రోగ్రామ్ నడిపితే రేడియో గరగరమంది. వేరేవాళ్లయితే రేడియోను దూరంగా జరిపేవాళ్లు. ఈయన ఏ ఆదేశానికి ఏ మోత వస్తుందో గంటల తరబడి కూర్చుని పట్టుకున్నాడు. ఆ ఏప్రిల్లో కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ సమావేశానికి కంప్యూటర్, రేడియో రెండూ మోసుకెళ్లి, మీటలు ఒక్కొక్కటే నొక్కి ప్రోగ్రామ్ ఎక్కించాడు. ఇంతలో ఎవరి కాలో వైరుకు తగిలి కరెంటు పోయింది, అంతా చెరిగిపోయింది. ఓపిగ్గా మళ్లీ ఎక్కించాడు. రేడియోలోంచి బీటిల్స్ పాట వినిపించింది. కంప్యూటర్‌కూ రేడియోకూ మధ్య ఒక్క తీగ కూడా లేదు.

ఇది మీరూ వినొచ్చు. మీడియం వేవ్ రేడియోను స్టేషన్ లేనిచోట తిప్పి పెట్టి, పక్కన చవక ఎల్‌ఈడీ బల్బు వెలిగించి చూడండి. పాట రాదు, గోల వస్తుంది. మా ఇంట్లో మీడియం వేవ్ మూగబోయింది ఆ గోల వల్లే.

◆ స్పీకరు చెవి కూడా. కోన్ కదిలితే వెనకున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. పాతకాలపు ఇంటర్‌కమ్ పెట్టెల్లో వినడానికీ మాట్లాడటానికీ ఒకటే స్పీకరు ఉండేది, మీట నొక్కితే పాత్ర మారేది.

◆ రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో ఇటలీలోని ఆంజియో దగ్గర కందకాల్లో ఇరుక్కున్న సైనికులు రేడియో కట్టుకున్నారు. దానికి కావలసినవి ఒక గడ్డం బ్లేడు, పెన్సిల్ సీసం ముక్క, సేఫ్టీ పిన్ను, చుట్టిన తీగ, హెడ్‌ఫోన్. బ్యాటరీ అక్కర్లేదు, స్టేషన్ నుంచి వచ్చే తరంగాల బలమే దానికి తిండి. బ్లేడు మీది సన్నటి ఆక్సైడ్ పొర, సీసం మొన కలిసి కరెంటును ఒకవైపే పోనిచ్చే గేటులా పనిచేశాయి. బ్లేడు బదులు ఖనిజపు రాయి మీద ముల్లు ఆనించే ఇలాంటి గేటుకు తొలి పేటెంట్ మన జగదీశ్ చంద్ర బోస్‌ది: 1901లో దరఖాస్తు, 1904లో అమెరికా పేటెంట్. ఆయన వాడింది గెలీనా అనే సీసపు ఖనిజం. అది రేడియో తరంగాలకే కాదు, వెలుగుకూ స్పందిస్తుందని బోస్ గమనించి, తేజస్సు నుంచి 'తేజోమీటర్' అని పేరు పెట్టాడు. ఎల్‌ఈడీకి చూపుందని మనం ఇప్పుడు ఆశ్చర్యపోతున్నాం!

◆ ప్రయోగాలకు వాడే తెల్లటి చిల్లుల పలకను బ్రెడ్‌బోర్డ్ అంటారు. పూర్వం రేడియోలు కట్టేవాళ్లు వంటింట్లో రొట్టె కోసే చెక్కనే తెచ్చి, దాని మీద మేకులు దిగగొట్టి తీగలు చుట్టేవాళ్లు. అమ్మల తిట్లు ఎన్ని తిన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇక ఇలాంటి ప్రయోగాల్లోనే ప్రోగ్రామ్ ఎక్కించి వాడే ఆర్డ్యునో అనే చిన్న బోర్డు పుట్టింది 2005లో, ఇటలీలోని ఇవ్రియా అనే ఊళ్లో. దాన్ని తయారుచేసినవాళ్లు సాయంత్రాలు కూర్చునే బారు పేరే దానికి పెట్టారు. ఆ బారుకు పేరిచ్చినవాడు 1002లో ఇటలీకి రాజైన ఆర్డూయిన్.

◆ 1960ల్లో అమెరికాలో రీడ్ గజాలా అనే కుర్రాడి బల్ల సొరుగులో, వెనకమూత ఊడిన ఒక బొమ్మ యాంప్లిఫయర్ ఏదో లోహానికి తగిలి వింతగా కూయడం మొదలుపెట్టింది. షార్ట్ సర్క్యూట్‌ను కావాలనే చేసి, పాత బొమ్మల్లోంచి కొత్త వాయిద్యాలు పుట్టించే సర్క్యూట్ బెండింగ్ అనే కళ అక్కడ మొదలైంది. బ్యాటరీతో నడిచే బొమ్మల్లోనే సుమా, గోడకున్న 230 వోల్టులతో ఈ సరదా వద్దు.

◆ 1961 డిసెంబరు 12న అమెరికా రాకెట్ ఒకటి బరువు కోసం పెట్టాల్సిన దిమ్మ బదులు, హామ్ రేడియో అభిరుచి ఉన్నవాళ్లు ఇళ్లలో కట్టిన ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. పేరు ఆస్కార్ 1, బరువు నాలుగున్నర కిలోలు. మోర్స్ భాషలో అది ఒకటే మాట పంపేది: 'హాయ్'. అందులో కిటుకు ఏమిటంటే, లోపలి వేడిని బట్టి ఆ పలకరింపు వేగం మారేది. చేతిలో గడియారం ఉంటే చాలు, ఉపగ్రహం లోపల ఉష్ణోగ్రత ఎంతో కింద నుంచే లెక్కకట్టగలిగేవాళ్లు. ఇలాంటిదే మన ఉపగ్రహం హామ్‌శాట్ 2005 మే 5న శ్రీహరికోట నుంచి, కార్టోశాట్ 1తో పాటు ఒకే రాకెట్ మీద వెళ్లి, 2014 జులై దాకా హామ్‌ల మాటలు మోసింది. దాన్ని ఆపింది బ్యాటరీ.

ఆస్కార్ 7కూ బ్యాటరీయే పగబట్టింది. 1974లో వెళ్లిన ఆ ఉపగ్రహం 1981లో బ్యాటరీ షార్ట్ కావడంతో మూగబోయింది. 2002 జూన్‌లో దాని సంకేతాలు మళ్లీ వినబడ్డాయి. షార్ట్ అయిన బ్యాటరీ మరింత పాడై, లోపలి దారి పూర్తిగా తెగిపోవడంతో, సౌరఫలకాల కరెంటు దానిలోకి కారిపోకుండా నేరుగా రేడియోకు అందింది. అప్పటినుంచి ఎండ తగిలినంతసేపు పలుకుతుంది, భూమి నీడలోకి పోగానే నోరు మూస్తుంది.