పచ్చ నాచు: సరుకు ఉన్నది, బేరం లేదు

తిరువూరు: మామిడి, మిర్చి, పత్తి రైతులు వచ్చిపోయే ఈ ఊరికీ సముద్రానికీ వంద కిలోమీటర్లకు పైనే దూరం. అయినా ఒక సముద్రపు సరుకు సీసాలలోను, డబ్బాలలోను ఎరువుల దుకాణాలకు చేరుతున్నది. రైతులు ‘సీవీడ్ మందు’ అని అడిగే ఈ సరుకు సముద్రపు నాచు నుంచి తీసిన రసం. మామిడి పూత నిలవాలని, మిర్చి కోలుకోవాలని దీనిని పిచికారీ చేస్తారు.

అయితే ఈ రసం ఎక్కువగా ఎర్ర నాచు, గోధుమ రంగు నాచుల నుంచే వస్తున్నది. ఇఫ్కో వారి ‘సాగరిక’ ఈ రెండు రకాల నాచులతోనే తయారవుతుంది. విదేశాల నుంచి వచ్చే పొడులలో చాలావాటికి మూలం ఉత్తర అట్లాంటిక్ తీరపు గోధుమ నాచు. మరి విశాఖ రాళ్ళను పట్టుకుని పెరిగే పచ్చ నాచు, అందులోనూ మనిషి తినదగినది, ఏ అంగడికీ ఎందుకు రావటం లేదు?

మూడు జాతులు

సముద్రపు నాచులను రంగునుబట్టి ఎరుపు, గోధుమ, పచ్చ అని మూడుగా విభజిస్తారు. పచ్చ నాచులోని పత్రహరితం నేలమీద పెరిగే ఆకుకూరలలో ఉన్నటువంటిదే. తినే పచ్చ నాచులలో ముఖ్యమైనది ‘ఉల్వా’. లేత పాలకూర ఆకువలె పల్చగా, మెరుస్తూ ఉంటుంది. దాని రేకుకు రెండు కణాల మందం మాత్రమే ఉంటుంది. ‘మోనోస్ట్రోమా’ అనే మరో రకానికి ఒక్క కణం మందమే కనుక అది ఇంకా మెత్తన. ద్రాక్ష గుత్తులవలె పెరిగే ‘కౌలెర్పా’ మూడవది.

పేర్ల విషయంలో ఒక చిక్కు చాలాకాలం నడిచింది. 1753లో లిన్నేయస్ ‘ఉల్వా’ అని పేరు పెట్టాడు. గొట్టాలవలె పెరిగే రకాలను 1820లో లింక్ విడదీసి ‘ఎంటెరోమార్ఫా’ అన్నాడు. జన్యు పరీక్షల మీదట ఈ రెండూ ఒకే ప్రజాతి అని 2003లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పాత పుస్తకాలలోను, కొన్ని సరుకు చీటీలమీదను పాత పేరు ఇంకా కనిపిస్తుంది. పేర్లు రెండైనా సరుకు ఒకటేనని వర్తకులు గుర్తుంచుకోవాలి.

ఎక్కడ పెరుగుతుంది

ఉల్వా దాదాపు ప్రపంచ తీరాలన్నిటా ఉన్నది. దానికి కావలసినవి పట్టుకోవటానికి గట్టి ఆధారం, వెలుతురు, పోషకాలు. విశాఖపట్నం తీరంలోని రాళ్ళమీద ఇది దండిగా పెరుగుతుంది. అక్కడి నాచులపై ఉమామహేశ్వరరావు, శ్రీరాములు చేసిన పరిశీలన 1964లో వెలువడింది. విశాఖ నాచుల జాబితాను కూడా వారే 1970లో లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. గొట్టపు రకాలు చిలికా, పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులలోనూ పెరుగుతాయి. కృష్ణా తీరం ఇసుక, ఒండ్రు కావటంతో రాతినాచుకు అనువు తక్కువ.

రాతిమీద కనిపించిందల్లా తినటానికి పనికిరాదు. మురుగునీరు కలిసేచోట ఉల్వా మరింత ఏపుగా పెరుగుతుంది. నీటిలోని లోహాలను కూడా పీల్చుకుంటుంది. రేవులు, కార్ఖానాల దగ్గరి నాచును గీకి తెచ్చి అమ్మటం ప్రమాదం. తినే నాచుకు నీరు శుభ్రంగా ఉండటం మొదటి షరతు.

సాగు పద్ధతి

పచ్చ నాచు సాగులో పేరుపొందినది జపాన్. బీజాంశాలు పట్టించిన వలలను చలికాలంలో లోతులేని ఉప్పుకయ్యలలో, నదీముఖాల దగ్గర గుంజలకు కడతారు. పెరిగిన నాచును కోసి కడిగి ఎండబెడతారు. ఒకే వల నుంచి కొన్ని కోతలు వస్తాయి. మీయే రాష్ట్రం మోనోస్ట్రోమాకు ప్రసిద్ధి. ఆ నాచును సోయా రసంతో ఉడికించి పచ్చడివలె అన్నంలో కలుపుకుంటారు. ఎండు ఉల్వాను పొడిచేసి వంటకాలపై చల్లుతారు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో కౌలెర్పాను 1950ల నుంచి చెరువులలో పెంచుతున్నారు.

మన దేశంలో నాచు సాగు అంటే ప్రధానంగా ఎర్ర నాచైన ‘కప్పాఫైకస్’. రామనాథపురం తీరంలో మత్స్యకార స్త్రీలు వెదురు తెప్పలకు దీనిని కట్టి సుమారు 45 రోజులలో కోస్తున్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు 640 కోట్ల రూపాయలు కేటాయించారు. రామనాథపురం జిల్లా వలమావూరులో 127 కోట్ల పైచిలుకు వ్యయంతో నాచు పార్కుకు 2023 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది.

అసలు చిక్కు ఎక్కడ

ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 2019లో సాగుచేసిన నాచు మొత్తం దాదాపు మూడున్నర కోట్ల టన్నులు. అందులో పచ్చ నాచు 17 వేల టన్నులకు మించలేదు. 1992లో 31 వేల టన్నులు ఉండగా అదీ సగానికి పడిపోయింది. ఎర్ర నాచుకు జిగురు పదార్థాల కార్ఖానాలు ఉన్నాయి. గోధుమ నాచుకూ పరిశ్రమలు ఉన్నాయి. పచ్చ నాచుకు ఉన్న గిరాకీ ఎక్కువగా భోజనపు బల్లకే పరిమితం. ఆ బల్ల జపాన్, కొరియా వంటి దేశాలలో ఉన్నది, తెలుగు ఇళ్ళలో లేదు.

పెరగటం కష్టం కాదని 2008లో చైనాలోని చింగ్‌దావ్ చూపింది. ఒలింపిక్ పడవపందేల ముందు తీరాన్ని కమ్మిన ఉల్వాను సుమారు పది లక్షల టన్నులు ఎత్తిపోశారు. అంత రాశి పడినా అది సరుకు కాలేదు, చెత్త అయింది. కొనేవాడు ఉంటేనే నాచుకు ధర.

తూకం విషయం కూడా ఉన్నది. పచ్చి ఉల్వాలో ఎనభై నుంచి తొంభై శాతం నీరే. పది కిలోలు ఎండబెడితే రెండు కిలోలకు మించి మిగలదు. వానరోజులలో ఎండకపోతే కుళ్ళుతుంది. పచ్చి తూకానికి చెప్పిన ధరను ఎండు సరుకు ధరగా భ్రమపడి తెప్పలు వేసినవారు నష్టపోకతప్పదు.

ఆంధ్రలో ఒక మార్గం లేకపోలేదు. రొయ్యల చెరువుల వాడకం నీటిలోని నత్రజనిని ఉల్వా బాగా పీల్చుకుంటుంది. దక్షిణాఫ్రికాలో ఆబలోన్ నత్తల క్షేత్రాలలో తొట్లలో దీనిని పెంచి నీటిని శుభ్రపరచుకుంటున్నారు, ఆ నాచునే నత్తలకు మేతగా వేస్తున్నారు. సొంత క్షేత్రంలోనే వాడకం ఉన్నది కనుక అక్కడ బయటి బేరంకోసం ఎదురుచూడవలసిన పని లేదు. తీరాన నాచు వేయదలచినవారు ముందు కొనుగోలు ఒప్పందం, తరువాత వల అనే క్రమం పాటించటం మేలు.

తిరువూరు రైతుకు

ఇక్కడి రైతు చేతికి వచ్చేది సీసా మాత్రమే. నాచు రసాల వంటి జీవ ఉత్ప్రేరకాలను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. తాత్కాలిక అనుమతులతో అమ్ముకునే గడువు 2025 జూన్ 16తో ముగిసింది. కనుక సీసాపై తయారీదారు పేరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, ఏ నాచు నుంచి తీసినదీ, ఏ పంటకు ఎంత మోతాదో చూసి కొనాలి. ఇది ఎరువుకు బదులు కాదు, తెగుళ్ళ మందు అంతకన్నా కాదు. నాచు బొమ్మ చూసి డబ్బు పెట్టి, ఎరువు మానుకున్న రైతుకు మిగిలేది ఖాళీ సీసా. కొన్న ప్రతి సీసాకూ రశీదు అడిగి తీసుకుని పంట చేతికి వచ్చేదాకా దాచుకోవాలి.