సంతకం వచ్చాక వేలిముద్ర ఎందుకు?

జువ్వలదిన్నె సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడ ఒకామెకు 20 అంకణాల ఇంటి స్థలం ఉందనుకుందాం. అది పుట్టింటివాళ్లు ఇచ్చిన స్థలం. ఇంటాయన చేపల వేటకు పోతాడు. కొత్త వలలు కావాలి. స్థలం తాకట్టు పెట్టి అప్పు తేవాలనుకున్నారు. ఇద్దరూ సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పోయారు.

ఆమె రాత్రిబడిలో చదువుకుంది. దస్తావేజు మీద చక్కగా సంతకం చేసింది.

"వేలిముద్ర కూడా వెయ్యమ్మా" అన్నాడు గుమాస్తా.

ఆమె మనసు చివుక్కుమంది. "నాకు సంతకం వచ్చు గదా!" అంది.

"పెద్ద ఆఫీసరు వచ్చినా వేయాల్సిందేనమ్మా" అన్నాడు.

ఇది చిన్నతనం కాదు. ఒకరి సంతకాన్ని మరొకరు దొంగతనంగా పెట్టవచ్చు. వేలి గీతలు మాత్రం ఒకరివి ఒకరికి ఉండవు. కవల పిల్లలకు కూడా వేరు వేరుగా ఉంటాయి.

మన దేశంలో ఈ పద్ధతి పాతదే. బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి ఉండేవాడు. 'ఆ సంతకం నాది కాదు' అని ఎవరూ తప్పించుకోకూడదని ఆయన ఆలోచన. 1858లో ఒక ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో రిజిస్ట్రేషన్లకు వేలిముద్రలు తీసుకోవటం మొదలుపెట్టాడు.

2001లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించారు. అమ్మకం దస్తావేజుకు అమ్మేవారివీ, కొనేవారివీ ఫొటోలు, వేలిముద్రలు ఉండాలి.

ఇవి లేకపోతే ఏమవుతుంది? ఎవరో ఒకామెను తీసుకుపోయి, "స్థలం గలామె ఈమే" అని చెప్పవచ్చు. అసలామెకు తెలియకుండానే స్థలం చేతులు మారిపోతుంది. ఇలా మరొకరి పేరుతో రిజిస్ట్రేషన్ చేయించటం నేరం. 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అందుకు సాయపడినవారికీ శిక్ష ఉంది. అందుకే ముఖం తెలియని మనిషికి సాక్షి సంతకం పెట్టకూడదు.

ఇంకొక సంగతి. వచ్చిన మనిషి ఎవరో రిజిస్ట్రారు చూస్తారు. దస్తావేజు నువ్వే రాసిచ్చావా అని అడుగుతారు. స్థలం నిజంగా ఎవరిదో మాత్రం ఆయన తేల్చరు. అది కొనేవారే చూసుకోవాలి. పాత దస్తావేజులు అడగాలి. ఈసీ తీయించాలి. అందులో ఆ స్థలం మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు తెలుస్తాయి. ఇరుగుపొరుగును కూడా విచారించాలి.

రిజిస్ట్రారు అడిగితే ఆమే జవాబు చెప్పాలి. పక్కవాళ్లు చెప్పకూడదు.

జువ్వలదిన్నె ఆమె వేలికి సిరా పూసుకోబోయి ఆగింది. దస్తావేజు మళ్లీ తీసుకుంది. తాకట్టా, అమ్మకమా? అప్పు ఎంత? వడ్డీ ఎంత? గడువు ఎప్పుడు? కూడబలుక్కుంటూ అంతా చదివింది. ఆ తరువాతనే వేలిముద్ర వేసింది.

ఖాళీ కాగితం మీద సంతకం వద్దు. వేలిముద్ర కూడా వద్దు. మనం ఎవరమో వేలు చెబుతుంది. కాగితంలో ఏముందో చదువు చెబుతుంది.