నవ్వినప్పుడు మూసుకొను కన్ను

మూతి వంకర పోయినవారిలో అధిక సంఖ్యాకులు కొన్ని వారములలోనో నెలలలోనో కోలుకొందురు. ముఖనాడి పనిని 1821లో వివరించిన స్కాట్లండు శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ పేర దీనిని బెల్ పక్షవాతమందురు. అయితే కొందరికి ముఖము తిరిగి కదలసాగిన పిమ్మట వేరొక చిక్కు పుట్టును. నవ్వబోగా ఆ వైపు కన్ను మూతపడును. రెప్ప వాల్చగా పెదవి అంచు లాగుకొనును. అన్నము నమలుచుండగా కంట నీరు కారుటయు కలదు. దానిని వైద్యులు మొసలి కన్నీరందురు గాని, పాపము, అందు కపటమేమియు లేదు! పెండ్లిపందిట నవ్విన పడుచుపిల్ల కన్నుగీటినదని నలుగురు అపార్థము చేసికొన్న, ఆమె నవ్వుటయే మానుకొనును.

ఇది బలహీనత కాదు, దారి తప్పుట. మెదక్ వారికి ఘనపురం ఆనకట్ట తెలిసినదే. మంజీర నీటిని మహబూబ్ నహరు, ఫతే నహరు అను రెండు కాలువలు పంచుకొనును. గట్టు తెగి ఒక కాలువ నీరు వేరొక కాలువ క్రింది పొలములకు పారినదనుకొనుడు. ముఖనాడి తంతువులు దెబ్బతిని, దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మరల పెరుగునపుడు ఇట్లే జరుగును. పెదవికి పోవలసిన తంతువు కంటి కండరమును చేరును. నీరెక్కువ వదలిన కొలది తప్పు పొలమే మునుగును గదా!

కావుననే బుగ్గలు పూరించి బుడగలూదుట, బలముగా ముఖము చిట్లించుట ఇట్టివారికి తగవు. కరెంటు పెట్టించుకొనుట మనవైపు పరిపాటియే గాని, దానివలన మేలు కలుగునని రుజువు కాలేదు. నేర్పరియైన ఫిజియోథెరపిస్టు చెప్పునది ఇందుకు విరుద్ధము. అద్దము ముందు కూర్చుండి, కన్ను తెరచియే యుంచి, అతి స్వల్పముగా, మెల్లగా నవ్వవలెను. కన్ను ముడుచుకొనబోవు చోటనే ఆగవలెను. బిగిసిన బుగ్గను వ్రేళ్ళతో మృదువుగా సాగదీయవలెను. దినమునకు పలుమారులు, కొలది నిమిషములు, నెలల తరబడి సాగవలసిన పని యిది.

అప్పటికిని లొంగనిచో బొటులినమ్ విషమును అత్యల్ప మోతాదున కంటి చుట్టు కండరమునకు సూదితో ఎక్కింతురు. మెల్లకంటి చికిత్సకై అమెరికా వైద్యుడు ఆలన్ స్కాట్ సాధించిన ఈ మందునకు అచ్చటి ప్రభుత్వము 1989లో అనుమతినిచ్చినది. ఫలము మూడు నాలుగు నెలలుండును. పిమ్మట మరల వేయవలెను. కొందరికి కొన్నాళ్ళు రెప్ప వాలవచ్చును. దీనికై హైదరాబాదులోని నరముల వైద్యుని చూడవలసి రావచ్చును. కండరము సడలియున్న ఆ నెలలలోనే అద్దపు సాధన సులువుగా పట్టుబడును గనుక, సూది వేయించుకొని ఊరకుండరాదు.

మూతి వంకర పోయిన తొలి 72 గంటలలో వైద్యుడు స్టిరాయిడు మాత్రలు మొదలిడిన, నరము కోలుకొను అవకాశము హెచ్చును. ఇందుకు నగరమునకు పరుగిడ నక్కరలేదు, జిల్లా ఆసుపత్రి చాలును. పసర్లతో ఆ మూడు దినములు గడపుటయే నష్టము. మూతపడని కంటికి చుక్కలు వేసి, రాత్రివేళ రెప్పను పట్టీతో మూయవలెను. చేయి, కాలు కూడ పట్టుదప్పినచో, మాట తడబడినచో అది మెదడు జబ్బు కావచ్చును. అప్పుడు గంటయైన ఆలస్యము చేయరాదు.