కట్టుడు పళ్ళకు ఏ సరుకు మేలు?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పళ్ళు ఊడిపోతే ముఖానికి అందం పోతుందని బెంగపడతాం గాని, అసలు పోయేది తిండి. పళ్ళన్నీ పోయిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. జొన్నరొట్టె పాలలో నానబెట్టాలి, సంక్రాంతి సకినాలు పొడి కొట్టి పెట్టాలి. రానురాను కూరలూ, మాంసమూ, పండ్లూ తగ్గిపోయి మెత్తటి అన్నమూ చారూ మిగులుతాయి. దాంతో ఒంట్లో బలమూ తగ్గుతుంది.

మన గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. బొగ్గు బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోకూడదు. గ్యాసుకు నిప్పంటుకుంటే ప్రాణాలకే ముప్పు కదా! అందుకని కొందరికి అంబాకు, జర్దా నమలడం అలవాటయింది. ఏళ్ళ తరబడి నమిలితే చిగుళ్ళు చెడి పళ్ళు కదులుతాయి. ఉద్యోగం దిగిపోయాక గ్రాట్యుటీ డబ్బు చేతికి రాగానే, "ఇంప్లాంటు పళ్ళు కట్టించుకుందామా?" అన్న మాట ఇంట్లో వస్తుంది. లక్షల్లో ఖర్చు. అంత డబ్బు పెట్టేముందు ఏ సరుకుతో చేస్తారో, దాని మంచిచెడ్డలేమిటో మనకు తెలిసి ఉండాలి.

ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో దిగగొట్టే టైటానియం మర. 1950ల్లో స్వీడన్ పరిశోధకుడు బ్రోనెమార్క్, కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరం ఎముకతో కలిసి ఏకమైపోయి ఊడి రాకపోవడం గమనించారు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇలాంటి మరలు వేశారు. ఇప్పుడు ఒక దవడకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు మరలు వేసి, వాటి మీద మొత్తం పళ్ళ వరుసను బిగిస్తారు. మరలు దాదాపు అన్నిచోట్లా టైటానియమే. తేడా అంతా పైన కూర్చునే వరుసలోనే ఉంది.

మొదటిది ఆక్రిలిక్. మామూలు కట్టుడు పళ్ళ సెట్టు చేసే సరుకే ఇది. లోపల లోహపు పట్టీ, దానిమీద చిగుళ్ళ రంగు ఆక్రిలిక్, అందులో పళ్ళు. తేలిక, ధర తక్కువ. నమిలేటప్పుడు దెబ్బ మెత్తగా తగులుతుంది. ఒక పన్ను ఊడినా, విరిగినా బాగుచేయడం సులువు. కాని కొన్నేళ్ళకు అరుగుతుంది. పసుపు పడిన ప్లాస్టిక్ డబ్బా ఎంత తోమినా పచ్చగానే ఉంటుంది చూడండి, ఇదీ అంతే. టీ, పసుపు, జర్దా మరకలు పడతాయి. శుభ్రం లేకపోతే వాసన కూడా పడుతుంది.

రెండోది లోహం మీద పింగాణీ పూత. చూడ్డానికి అచ్చం సొంత పళ్ళలా ఉంటుంది. అయితే పింగాణీ కప్పు అంచు ఎగిరిపోయినట్టు పూత పెచ్చులూడవచ్చు. అప్పుడు వరుసంతా విప్పి లాబొరేటరీకి పంపవలసి వస్తుంది.

మూడోది జిర్కోనియా. కంప్యూటరు సాయంతో ఒకే దిమ్మ నుంచి చెక్కి, కొలిమిలో చాలా ఎక్కువ వేడి మీద కాలుస్తారు. మహా గట్టిది. మరక పట్టదు, అరగదు. కాని ధర ఎక్కువ, బరువూ ఎక్కువే. పగిలిందంటే అతుకు వేయడానికి వీలుండదు, కొత్తది చేయించాలి. పై వరుసా కింది వరుసా రెండూ జిర్కోనియా అయితే కొందరికి తినేటప్పుడు టకటక శబ్దం వస్తుంది. నున్నగా మెరుగు పెట్టకపోతే ఎదుటి పళ్ళను అరగదీస్తుంది.

ఇవేవీ భరించలేనివారికి ఇంకొక దారి ఉంది. కింది దవడలో రెండే మరలు వేసి, సెట్టును జాకెట్టు టిచ్ బటన్లలా వాటికి నొక్కి పెట్టుకోవడం. రాత్రి తీసి కడుక్కోవచ్చు. కింది పళ్ళన్నీ పోయినవారికి మొదట ఇవ్వదగిన చికిత్స ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు. కాబట్టి దీన్ని తక్కువ రకమని అనుకోనక్కరలేదు.

మరి ఏది ఎంచుకోవాలి? ఖరీదైనదే మంచిదని అనుకోకండి. డాక్టరుగారిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఎదుటి దవడలో సొంత పళ్ళున్నాయా, కట్టుడు పళ్ళా? నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే ఏది తట్టుకుంటుంది? వరుసను మరతో బిగిస్తారా, సిమెంటుతో అంటిస్తారా? మరతో బిగిస్తే విప్పి శుభ్రం చేయడం తేలిక. విరిగితే ఎవరు, ఎక్కడ, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఈ చివరి ప్రశ్న మనకు చాలా ముఖ్యం. గోదావరిఖని నుంచి కరీంనగర్‌కు 60 కిలోమీటర్ల పైన ప్రయాణం, హైదరాబాదు ఇంకా దూరం. ప్రతి చిన్న రిపేరుకూ మోకాళ్ళ నొప్పులున్న మామగారిని బస్సెక్కించాలంటే కష్టం కదూ! దగ్గర్లో బాగయ్యే ఆక్రిలిక్ ఒక ఇంటికి మేలు కావచ్చు, ఇంకొక ఇంటికి జిర్కోనియాయే సరిపోవచ్చు.

తొందర కూడా అక్కరలేదు. ఎముక మరను పట్టుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ లోపల చాలామందికి తాత్కాలికంగా ఆక్రిలిక్ వరుస పెడతారు. మాట, నమలడం, నవ్వు ఎలా ఉన్నాయో ఆ నెలల్లో చూసుకుని అసలు వరుస సంగతి తేల్చుకోవచ్చు. ఖర్చులో ఏమైనా కలిసివస్తుందేమో సింగరేణి ఆసుపత్రిలో ముందే విచారించండి. నోటిమాట కాకుండా సరుకు పేరు, గ్యారంటీ కాగితం మీద రాయించుకోండి.

ఇంకొక్క మాట. ఏ సరుకైనా పళ్ళు పుచ్చవు గాని, చిగుళ్ళకు జబ్బు వస్తుంది, ఎముక కరుగుతుంది. షుగరు అదుపులో లేకపోయినా, అంబాకు, పొగ మానకపోయినా ఇంప్లాంటు నిలవడం కష్టం. రోజూ వరుస కింద సన్నటి బ్రష్షుతో శుభ్రం చేయాలి, ఏటా డాక్టరుకు చూపించాలి.

"ముందు ఆయనకు కట్టించి, నా సంగతి తరవాత చూద్దాంలే" అని మీ పళ్ళను వాయిదా వెయ్యకండి. పళ్ళు లేని చోట ఎముక ఏటేటా తగ్గిపోతుంది. ఆలస్యమైన కొద్దీ మరకు పట్టు దొరకడం కష్టమవుతుంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషి కూడా నమిలి తినాలి కదా!