ప్రొఫైల్ చిక్కులు – పరిష్కార మార్గాలు

ఒకే ప్రయోగశాలలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులు ఒకే దత్తాంశాన్ని ఒకే ఆదేశాలతో పరిశీలించినా, ఒక్కొక్కసారి జవాబులు వేరుగా వస్తాయి. ఒకరి కంప్యూటరులో సక్రమంగా తెరుచుకొనే గణాంక సాఫ్ట్‌వేర్, మరొకరి కంప్యూటరులో తెరిచిన వెంటనే దోషసూచన చూపుతుంది. అటువంటప్పుడు సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా తొలగించి, తిరిగి స్థాపించడం చాలామంది చేసే పని. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లుండే ఈ పద్ధతి వలన తరచుగా ప్రయోజనం ఉండదు. ఇల్లు కాలుతుంది గాని ఎలుక మిగిలే ఉంటుంది. ఎందుకంటే దోషం సాఫ్ట్‌వేర్‌లో గాక, వాడేవారి ప్రొఫైల్‌లో దాగి ఉండవచ్చు.

ప్రొఫైల్ అంటే ఒక వ్యక్తి తన సౌకర్యం కోసం సాఫ్ట్‌వేర్‌లో చేసుకొన్న అమరికల సముదాయం. దశాంశ స్థానాలు ఎన్ని చూపాలి, ఏ ప్యాకేజీలు ముందుగా తెరవాలి, ఏ ఫోల్డరులో పని మొదలుపెట్టాలి మొదలైన విషయాలు ఇందులో ఉంటాయి. సాధారణంగా ఈ ఫైళ్లు సాఫ్ట్‌వేర్ ఉన్న చోట గాక, వాడేవారి సొంత ఫోల్డరులో ఉంటాయి. అందువలన సాఫ్ట్‌వేర్‌ను తొలగించినా ఇవి చెక్కుచెదరవు.

ప్రపంచమంతటా వాడుకలో ఉన్న 'ఆర్' దీనికి మంచి ఉదాహరణ. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దీనిని రూపొందించారు. దీని 1.0.0 సంచిక 2000 సంవత్సరంలో వెలువడింది. ఆర్ తెరుచుకొనేటప్పుడు మొదట 'డాట్ ఆర్ఎన్విరాన్' అనే ఫైలును, తరువాత కంప్యూటరులోని వారందరికీ ఉమ్మడిగా ఉండే ప్రొఫైల్‌ను, ఆపైన వాడేవారి సొంతదైన 'డాట్ ఆర్‌ప్రొఫైల్'ను చదువుతుంది. ఈ సొంత ప్రొఫైల్ కోసం ముందు పని జరిగే ఫోల్డరులో వెదకుతుంది. అక్కడ లేకుంటేనే హోమ్ ఫోల్డరుకు వెళుతుంది. రెండు చోట్లా ఫైళ్లు ఉంటే రెండవది పనిచేయదు. హోమ్ ఫోల్డరులోని ఫైలును ఎన్నిసార్లు సవరించినా ఫలితం కనిపించకపోవడానికి ఇది ఒక కారణం.

మరొక చిక్కు ఉంది. ప్రొఫైల్‌ను చదివే సమయానికి మూల ప్యాకేజీ మాత్రమే సిద్ధంగా ఉంటుంది. మధ్యగతాన్ని లెక్కించే ఆదేశం 'స్టాట్స్' ప్యాకేజీకి చెందినది. దానిని నేరుగా ప్రొఫైల్‌లో రాస్తే ఆ ఆదేశం కనబడలేదనే సందేశం వస్తుంది, ఆ తరువాతి పంక్తులు అమలు కావు. తొలగించిన ప్యాకేజీని పిలిచినప్పుడూ ఇదే జరుగుతుంది.

దోషసూచన వచ్చినందుకు బాధపడనవసరం లేదు; అది హెచ్చరిక. ఏ సూచనా లేకుండా తప్పు జరగడమే అసలైన ప్రమాదం. ఆర్‌ను మూసేటప్పుడు పనిని భద్రపరచమంటే, అప్పటి పట్టికలన్నీ 'డాట్ ఆర్‌డేటా' అనే ఫైలులో చేరుతాయి. అదే ఫోల్డరులో మళ్లీ ఆర్‌ను తెరిస్తే అవి తిరిగి ప్రత్యక్షమవుతాయి. ఒక విద్యార్థి గత సంవత్సరపు పంట దిగుబడుల పట్టికకు 'దిగుబడి' అని పేరు పెట్టాడనుకొందాం. ఈ సంవత్సరపు ఫైలును చదివించే పంక్తిని అమలు చేయడం మరచి, 'దిగుబడి' సగటును అడిగాడు. పాత పట్టిక లేకుంటే ఆర్ దోషాన్ని చూపేది. అది ఉండటం వలన నిశ్శబ్దంగా నిరుటి సగటును ఇచ్చింది. ఆ అంకె నివేదికలో చేరితే దానిని నమ్మి తీసుకొనే నిర్ణయాలన్నీ తప్పుతాయి.

'సాస్' సాఫ్ట్‌వేర్‌లో చిక్కు ఇంకొక రూపంలో వస్తుంది. వాడేవారి అమరికలు 'సాస్‌యూజర్' గ్రంథాలయంలోని ప్రొఫైల్‌లో ఉంటాయి. ఒకే వ్యక్తి ఒకేసారి రెండు సాస్‌లను తెరిస్తే, మొదటిది ప్రొఫైల్‌ను పట్టుకొని ఉంటుంది. రెండవది తాత్కాలిక ప్రొఫైల్‌తో సరిపెట్టుకొంటుంది. అందులో చేసిన మార్పులు మూయగానే పోతాయి. మొదటిదానిని మూసివేసి, రెండవదానిని తిరిగి తెరిస్తే చిక్కు తీరుతుంది.

దోషాన్ని కనుగొనడానికి ఒక క్రమం ఉంది. ముందుగా ప్రొఫైల్ లేకుండా సాఫ్ట్‌వేర్‌ను తెరవాలి. ఆర్‌లో 'వెనీలా' అనే ఎంపిక ఇందుకే ఉన్నది. అప్పుడు దోషం పోతే కారణం అమరికలలోనే ఉన్నదని తెలుస్తుంది. పోకుంటే కారణాన్ని ఇతర చోట్ల వెదకాలి. రెండవది, అనుమానం ఉన్న ఫైలును తుడిచివేయక పేరు మార్చి ఉంచాలి. ఏళ్ల తరబడి చేసుకొన్న అమరికలు అందులో ఉండవచ్చు. మూడవది, పంక్తులను సగం సగంగా తిరిగి చేరుస్తూ పరీక్షిస్తే దోషమున్న పంక్తి బయటపడుతుంది.

రోగం వచ్చాక మందు వెదకడం కంటే రాకుండా చూసుకోవడం మేలు. ఆర్‌ను మూసేటప్పుడు పట్టికలను భద్రపరచక, ఆదేశాల ఫైలును మాత్రమే దాచుకోవాలి. కంటికి ఇంపైన అమరికలు ప్రొఫైల్‌లో ఉండవచ్చు. ఫలితాన్ని మార్చగల ప్రతి అమరికను ఆదేశాల ఫైలులోనే రాయాలి. అప్పుడు ఆ లెక్కను ఎవరైనా సరిచూడగలుగుతారు. ఒకరి కంప్యూటరులో మాత్రమే వచ్చే జవాబు శాస్త్రానికి పనికిరాదు.