పిచికారి నాజిళ్లు, ప్రయోగశాల పరికరాలకు అతిధ్వని శుభ్రత – భాగాన్ని బట్టి ఆవృత్తి నిర్ణయం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి, మిరప, వరి, మొక్కజొన్న ప్రధాన పంటలు. వీటిలో పత్తి, మిరపపై పిచికారీల సంఖ్య అధికం. 2021-22లో నల్ల తామర పురుగు మిరపను తీవ్రంగా ఆశించిన తరువాత ఈ సంఖ్య మరింత పెరిగింది. మందు ఎంపిక, మోతాదు గురించి విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు విస్తృతంగా వివరిస్తున్నారు. అయితే సిఫారసు చేసిన మోతాదు మొక్కకు చేరడం చివరకు నాజిల్‌లోని చిన్న రంధ్రంపై ఆధారపడి ఉంటుంది.

నీటిలో కరిగే పొడి మందుల రేణువులు, బోరు నీటిలోని సున్నపు లవణాలు, తైల ద్రావకాల జిడ్డు ఈ రంధ్రంలో పేరుకుంటాయి. నాజిల్ మూసుకుపోయినపుడు పిన్నీసుతోనో, సన్నని తీగతోనో గుచ్చడం పొలాల్లో సర్వసాధారణం. దీనివల్ల రంధ్రం అంచు గీసుకుపోయి, ఆకారం మారి, మందు ఒక పక్క ఎక్కువగా, మరొక పక్క తక్కువగా పడుతుంది. గీతలు పడకుండా మురికిని తొలగించగల పద్ధతుల్లో అతిధ్వని శుభ్రత ముఖ్యమైనది. ప్రయోగశాలల్లో గాజు సామగ్రికి వాడే చిన్న అతిధ్వని తొట్టిని యంత్రాల అద్దె కేంద్రాలు కూడా వినియోగించుకోవచ్చు. అయితే అన్ని భాగాలకూ ఒకే ఉష్ణోగ్రత, ఒకే సమయం పనికిరావు.

పనిచేసే విధానం

తొట్టి అడుగున అమర్చిన ట్రాన్స్‌డ్యూసర్లు సెకనుకు వేల సార్లు కంపించి ద్రవంలో పీడనాన్ని పెంచుతూ, తగ్గిస్తూ ఉంటాయి. పీడనం తగ్గినపుడు సూక్ష్మ బుడగలు ఏర్పడతాయి. పెరిగినపుడు అవి ఒక్కసారిగా కుంచించుకుని పగులుతాయి. దీనినే కావిటేషన్ అంటారు. పగిలిన ప్రతి బుడగ సమీపంలోని మురికిని పెళ్లగిస్తుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ బుడగ పరిమాణం తగ్గుతుంది. నీటిలో అనునాదం పొందే బుడగ వ్యాసార్ధం 25 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 130 మైక్రాన్లు, 40 కిలోహెర్ట్జ్ వద్ద సుమారు 80 మైక్రాన్లు ఉంటుంది. అందుచేత తక్కువ పౌనఃపున్యం మొండి మురికికి, ఎక్కువ పౌనఃపున్యం సున్నితమైన భాగాలకు అనుకూలం. సాధారణ అవసరాలకు 40 కిలోహెర్ట్జ్ తొట్టి సరిపోతుంది.

రబ్బరు, మెత్తని ప్లాస్టిక్ అతిధ్వనులను పీల్చుకుంటాయి. కనుక గొట్టాలు, వాషర్లు ఈ పద్ధతిలో సరిగా శుభ్రపడవు.

తొట్టిని సిద్ధం చేయడం

• గుర్తించిన మట్టం వరకు నీరు నింపి డిటర్జెంట్ కలపాలి. నీరు తక్కువగా ఉన్నపుడు తొట్టిని నడపరాదు.
• భాగాలు వేయకముందు 5–10 నిమిషాలు నడిపి, నీటిలో కరిగి ఉన్న గాలిని తొలగించాలి. గాలి ఉన్న నీటిలో కావిటేషన్ బలహీనపడుతుంది.
• సన్నని అల్యూమినియం రేకును అడుగుకు తగలకుండా నిలువుగా 30–60 సెకన్లు ముంచాలి. రేకుపై గుంటలు, చిల్లులు అంతటా ఒకేలా ఏర్పడితే తొట్టి సరిగా పనిచేస్తున్నట్లు. రేకు తునకలు మిగిలితే నీరు మార్చాలి.
• భాగాలను జాలీ బుట్టలో ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా అమర్చాలి. తొట్టి అడుగున నేరుగా పెట్టరాదు.
• నీటిలో 40 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం దాదాపు 37 మి.మీ. కావడం వల్ల తొట్టిలో బలమైన, బలహీనమైన పొరలు ఏర్పడతాయి. మధ్యమధ్యలో బుట్టను పైకీ కిందకూ కదిలిస్తే భాగమంతా సమంగా శుభ్రపడుతుంది.

భాగాన్ని బట్టి ఆవృత్తి

కింది విలువలను తొలి ప్రయత్నానికి ప్రాతిపదికగా మాత్రమే తీసుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు, సిరామిక్ నాజిళ్లు: తటస్థ లేదా స్వల్ప క్షార డిటర్జెంట్‌తో 45–50 డిగ్రీల సెల్సియస్ వద్ద 8–10 నిమిషాలు. సిరామిక్ గట్టిదైనా పెళుసుగా ఉంటుంది కాబట్టి ముక్కలు ఒకదానికొకటి తగలకుండా చూడాలి.

ఇత్తడి నాజిళ్లు: తటస్థ డిటర్జెంట్‌తో 40–45 డిగ్రీల వద్ద 5 నిమిషాలు. అమ్మోనియా, గాఢ క్షారాలు ఇత్తడిని తినివేస్తాయి. పిచికారి ట్యాంకు నుండి 2,4-డి అవశేషాలను తొలగించడానికి అమ్మోనియా కలిపిన నీరు వాడతారు; అయితే ఆ ద్రావణంలో ఇత్తడి భాగాలను నానబెట్టరాదు.

ప్లాస్టిక్ నాజిళ్లు: 35–40 డిగ్రీల వద్ద 3–5 నిమిషాలు. వేడి ఎక్కువైతే రంధ్రం ఆకారం మారే ప్రమాదం ఉంది.

వడపోత జాలీలు: రబ్బరు వాషర్లను తీసివేసి, జాలీని నిలువుగా ఉంచి 5 నిమిషాలు.

సున్నపు పొర కట్టిన భాగాలు: డిటర్జెంట్ వల్ల ఈ పొర కరగదు. గాజు బీకరులో సుమారు 5 శాతం నిమ్మ ఉప్పు ద్రావణం పోసి, భాగాన్ని అందులో వేసి, ఆ బీకరును తొట్టిలోని నీటిలో వేలాడదీయాలి. ధ్వని గాజు గుండా ప్రసరిస్తుంది. ఆమ్లం తొట్టికి తగలదు. ఇత్తడి భాగాలను కొద్ది నిమిషాల్లోనే తీసి కడగాలి.

మట్టి విశ్లేషణ జల్లెడలు: సన్నని రంధ్రాల జల్లెడలను బ్రష్‌తో రుద్దితే తీగలు పక్కకు జరుగుతాయి. వీటిని ఏటవాలుగా ఉంచి 2–3 నిమిషాలు శుభ్రపరచి, అధిక వేడి తగలకుండా ఆరబెట్టాలి.

గాజు సామగ్రి: 50–60 డిగ్రీల వద్ద 10–15 నిమిషాలు. తరువాత స్వేదన జలంతో కడగాలి. క్వార్ట్జ్ కువెట్లు, పి.హెచ్. ఎలక్ట్రోడ్లు తొట్టిలో వేస్తే పగలవచ్చు, కనుక వేయరాదు.

ఆవృత్తిని కొలతతో నిర్ధారించడం

కంటికి మెరిసే నాజిల్ సరైన నాజిల్ అని చెప్పలేము. శుభ్రత సమయాన్ని గడియారం కంటే కొలపాత్ర కచ్చితంగా నిర్ణయిస్తుంది. అదే రకం కొత్త నాజిల్‌ను స్ప్రేయర్‌కు బిగించి, స్థిర పీడనం వద్ద ఒక నిమిషంలో వచ్చే నీటిని మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. పాత నాజిల్‌ను మూడు నిమిషాలు శుభ్రపరచి అదే పీడనం వద్ద కొలవాలి. వరుసగా రెండు కొలతలు సమానమయ్యే వరకు ఇలాగే కొనసాగించాలి. ఆ రెండింటిలో మొదటి కొలత నాటికి పట్టిన మొత్తం శుభ్రత సమయమే ఆ నాజిల్‌కు, ఆ మురికికి తగిన ఆవృత్తి.

ఉదాహరణకు కొత్త నాజిల్ నిమిషానికి 500 మి.లీ. ఇస్తుందనుకుందాం. పాతది మొదట 380 మి.లీ. ఇచ్చి, మూడు నిమిషాల శుభ్రత తరువాత 450, ఆరు నిమిషాల తరువాత 490, తొమ్మిది నిమిషాల తరువాత కూడా 490 మి.లీ. ఇస్తే, ఆరు నిమిషాలు చాలు. ఇదే నాజిల్ 550 మి.లీ. దాటితే, అంటే కొత్తదాని కంటే 10 శాతానికి మించి ఇస్తే, రంధ్రం అరిగిపోయినట్లు. ఇంతకాలం మురికి ఆ అరుగుదలను కప్పి ఉంచింది. అటువంటి నాజిల్‌ను మార్చాలి. లేకుంటే రైతు ప్రతి పిచికారీలోనూ పదో వంతుకు పైగా మందు అదనంగా ఖర్చు చేస్తాడు. నీటి పరిమాణం సరిపోయినా, పొడి నేలపై పిచికారి చేసి తడి అంతటా సమంగా ఉందో లేదో కూడా పరిశీలించాలి.

తప్పనిసరి జాగ్రత్తలు

పత్తి 2,4-డికి అత్యంత సున్నితమైన పంట. మొక్కజొన్నలోనో, వరిలోనో ఈ కలుపు మందు వాడిన స్ప్రేయర్‌ను సరిగా కడగకుండా పత్తిలో వాడితే, ఆకులు సన్నగా చీలి బెండ ఆకుల్లా మారతాయి. పూత, కాయ దెబ్బతింటాయి. నాజిల్‌ను మాత్రమే అతిధ్వనితో శుభ్రపరిస్తే ఈ ప్రమాదం తొలగదు. ట్యాంకు, గొట్టం, రబ్బరు వాషర్లలో అవశేషం మిగిలే ఉంటుంది. వాటిని విడిగా పలుమార్లు కడగాలి. కలుపు మందులకు ప్రత్యేక స్ప్రేయర్ కేటాయించడం అన్నింటికన్నా మేలు.

• తొట్టిలో వేయకముందు నాజిళ్లను నీటితో మూడుసార్లు కడగాలి.
• కలుపు మందుల నాజిళ్లను, పురుగు మందుల నాజిళ్లను ఒకే ద్రావణంలో శుభ్రపరచరాదు. ఒకదాని అవశేషం మరొకదానికి చేరుతుంది.
• మందులు తగిలిన భాగాలకు వాడిన తొట్టిని విశ్లేషణ గాజు సామగ్రికి వాడరాదు.
• పెట్రోలు, అసిటోన్ వంటి మండే ద్రావకాలు తొట్టిలో పోయరాదు.
• నడుస్తున్న తొట్టిలో చేతులు పెట్టరాదు. చేతి తొడుగులు ధరించి, మూత వేసి నడపాలి.
• వాడిన ద్రావణంలో మందు అవశేషాలు ఉంటాయి. దానిని కాలువలు, చెరువులు, బావుల సమీపంలో పారబోయరాదు.

వానాకాలం పిచికారీలు మొదలయ్యే ముందు వరంగల్ ప్రాంతంలోని అద్దె కేంద్రాల్లో నాజిళ్ల పరీక్ష శిబిరాలు నిర్వహించడం విస్తరణ కార్యక్రమంలో భాగం కావాలి. ఒక కొలపాత్ర, ఒక గడియారం, ఒక పీడనమాపకం, చిన్న అతిధ్వని తొట్టి ఇందుకు చాలు. ప్రతి నాజిల్ రకానికి పట్టిన సమయం, ఉష్ణోగ్రత, శుభ్రతకు ముందు, తరువాత వచ్చిన ప్రవాహం ఒక నమోదు పుస్తకంలో రాసుకుంటే, మరుసటి సీజన్‌కు ఆ కేంద్రం తన సొంత ఆవృత్తుల పట్టికను తయారు చేసుకోగలదు. విద్యార్థులు తమ గ్రామీణ వ్యవసాయ అనుభవ కాలంలో ఈ కొలతలు సేకరిస్తే రైతుకు, పరిశోధనకు ఉభయతారకంగా ఉంటుంది.