పదో తరగతికి ఇంకో దారి

"ఎంతదాకా చదివినావప్పా?"

బాగేపల్లి చుట్టుపక్కల పెళ్లిచూపులకైనా, బెంగళూరులో వాచ్‌మన్ పనికైనా ముందుగా అడిగేది ఇదే. ఇరవై ఏళ్ల కుర్రాడు "ఎస్సెల్సీ ఫేలు సార్" అని ముఖం అటు తిప్పుకుంటాడు. ఇంకా ముందే బడి మానినవాడైతే "ఏడుకే నిలిపేస్తిని" అంటాడు. ఆ తర్వాత మాట సాగదు. 2011 జనాభా లెక్కల్లో, బాగేపల్లి ఉన్న కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా అక్షరాస్యత 70 శాతం దగ్గరే ఆగింది. రాష్ట్ర సగటు అప్పటికే 75 దాటింది. అక్షరాస్యులుగా లెక్కకెక్కినవాళ్లలోనూ చాలామందికి చదవడం, రాయడం, కూలి లెక్క కట్టుకోవడం వచ్చు గానీ, చేతిలో మార్కుల కార్డు లేదు.

అది లేకపోతే ఏం పోతుందని అడిగేవాళ్లు ఉంటారు. ఐటీఐలో ఎక్కువ ట్రేడులకు పదో తరగతి, ఇక్కడి మాటలో ఎస్సెల్సీ, కావాలి. ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగానికీ కావాలి. సొంతంగా లారీ నడుపుకుంటానంటే మాత్రం ఇప్పుడు ఇబ్బంది లేదు. రవాణా వాహనాల లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. గల్ఫ్‌కు పోదామంటే పాస్‌పోర్టు దగ్గరే తేడా వస్తుంది. టెన్త్ పాసైనవాళ్లకు ఎమిగ్రేషన్ తనిఖీ ఉండదు, కానివాళ్లు అనుమతి తెచ్చుకోవాల్సిందే. ఇక కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో మొదలుపెట్టిన యువనిధి సంగతి చూడండి. ఉద్యోగం లేని డిగ్రీవాళ్లకు నెలకు 3,000 రూపాయలు, డిప్లొమావాళ్లకు 1,500. ఎస్సెల్సీ ఫేలైన నిరుద్యోగికి సున్నా. చదువు ఆగినవాడికి భృతి కూడా అక్కడే ఆగింది.

ఏడు దగ్గర ఏం జరుగుతుంది

ఈ జిల్లా పల్లెల్లో చాలా బడులు ఏడుతోనో ఎనిమిదితోనో అయిపోతాయి. హైస్కూలుకు హోబళి (తాలూకాలో ఒక భాగం) ఊరికో, పెద్ద పల్లెకో పోవాలి. ఆడపిల్లల చదువు ఎక్కువగా ఆ నడిమధ్య దారిలోనే ఆగుతుంది. ఆగిన రెండు మూడేళ్లకు పెళ్లి. 2023 జూన్ నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది గానీ, ఇప్పుడు ఇరవై దాటినవాళ్లు బడికి పోవాల్సిన రోజుల్లో ఆ వీలు లేదు.

మగపిల్లల్ని పని లాగుతుంది. పక్కనే శిడ్లఘట్ట, దేశంలోని పెద్ద పట్టుగూళ్ల మార్కెట్లలో ఒకటి. గూళ్లు ఉడికించి దారం తీసే రీలింగు షెడ్లకు మనుషులు ఎప్పుడూ కావాలి. చింతామణి వైపు టమాటా కోతలు. వెయ్యి అడుగులు తవ్వినా బోరులో తడి తగలకపోతే ఇంటిల్లిపాదీ బెంగళూరు కట్టడం పనులకు కదులుతారు. పిల్లవాడి టీసీ బళ్లోనే ఉండిపోతుంది.

చింతామణిలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల పట్టుపరిశ్రమ కళాశాల ఉంది. గూడు చేత్తో పట్టుకుని దారం ఎంత వస్తుందో చెప్పగల కుర్రాడు ఆ కళాశాలలో అడుగుపెట్టలేడు, ఎస్సెల్సీ లేదు గనక. కొందరు దీన్ని వాడి ఖర్మ అంటారు. నేను అనను. పదమూడేళ్ల వయసులో ఇంటికోసం తీసుకున్న నిర్ణయానికి జీవితాంతం శిక్ష వేయడం ఏ లెక్కనా న్యాయం కాదు.

ఇక భాష గొడవ. బాగేపల్లి తాలూకాలో ఇంట్లో, సంతలో, పొలంలో తెలుగు. బళ్లో కన్నడ. కైవారం తాతయ్యగా ఈ సీమంతా కొలిచే నారేయణ యతీంద్రులు తెలుగులోనూ కన్నడలోనూ రాశారు. ఆయన తెలుగు పదాలు పాడుకునే ఇళ్లలో కన్నడ బడికి పోయిన పిల్లలకు తెలుగు లిపి రాదు. వాళ్లు చదివేది కన్నడ అక్షరాలే, ఆలోచించేది మాత్రం తెలుగులో. ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోని బరువైన కన్నడ వాళ్లు ఇంట్లో ఎన్నడూ విననిది. ఫేలైనవాణ్ని మొద్దు అనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

రెండు మార్గాలు, కొన్ని మెలికలు

మొదటిది రాష్ట్రం పెట్టింది. కర్ణాటక స్కూలు పరీక్షల, మూల్యాంకన మండలి నడిపే ఎస్సెల్సీకి 15 ఏళ్లు నిండినవాళ్లు ప్రైవేటుగా కట్టవచ్చు. ఒకసారి ఫేలైనవాళ్లు పోయిన సబ్జెక్టులు మాత్రం రాస్తే చాలు. 2024లో సప్లిమెంటరీ తీసేసి ఏడాదిలో ఒకటికి మించి పరీక్షలు పెట్టారు. మార్చిలో తప్పితే వచ్చే మార్చి దాకా కూర్చోనక్కర్లేదు.

రెండోది జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అందరి నోట ఎన్ఐఓఎస్. 1979లో సీబీఎస్ఈ కింద ఒక ప్రాజెక్టుగా పుట్టి, 1989లో నేషనల్ ఓపెన్ స్కూలై, 2002లో ఇప్పటి పేరు పెట్టుకుంది. 14 ఏళ్లు నిండితే పదికి చేర్చుకుంటారు, పైవయసుకు హద్దు లేదు. కింది తరగతుల కాగితాలు లేకపోతే, ఈ చదువు చదవగలనని స్వయంగా రాసిచ్చినా ఒప్పుకుంటారు. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి 33 శాతం. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. పాసైంది పాసైనట్టే ఉంటుంది. ఎస్సెల్సీలో గట్టెక్కిన సబ్జెక్టులు రెండింటి దాకా ఇటు మార్చుకోవచ్చు.

వినడానికి బాగానే ఉంది గానీ, ఎక్కడ కాలు జారుతుందో కూడా చెప్పాలి. ఎన్ఐఓఎస్‌లో తెలుగు మాధ్యమం ఉందని తెలిసి బాగేపల్లి తెలుగువాళ్లు సంబరపడతారు. తీరా పుస్తకం వచ్చాక తెలుగు లిపి కూడబలుక్కోవాల్సి వస్తే ఉత్సాహం వారంలో చల్లారుతుంది. ఏడు దాకా కన్నడలో చదివినవాడికి నా ఓటు ఎస్సెల్సీకే. ఆంధ్ర వైపు తెలుగు బడుల్లో చదివి ఇక్కడ స్థిరపడినవాళ్లకు ఎన్ఐఓఎస్ నయం. అయితే వాళ్లు భాషా సబ్జెక్టుల్లో కన్నడ కూడా తీసుకోవాలి. ఈ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగం దగ్గర కన్నడ వచ్చా అని తప్పకుండా అడుగుతారు.

ఇంకో మెలిక లెక్కలు. ఎన్ఐఓఎస్‌లో లెక్కలు తప్పనిసరి కాదు. గృహవిజ్ఞానం, డేటా ఎంట్రీ, చిత్రలేఖనం లాంటివి తీసుకుని పాసైపోవచ్చు. పెళ్లై ఇద్దరు పిల్లలున్న అమ్మాయి సర్టిఫికెట్టుతో పీయూసీ (ఇంటర్) ఆర్ట్స్‌కు పోవాలనుకుంటే అది చక్కని మార్గం. పాలిటెక్నిక్ ఆశ ఉన్న కుర్రాడు మాత్రం ఆ తేలిక మార్గం పట్టకూడదు. చేరేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. చేర్పించేది ఏజెంట్లు, వాళ్లకు కావాల్సింది ఫీజు. పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే ఏ బోర్డు పేరు విన్నా వెనక్కి తిరిగి చూడకుండా నడవండి.

తిరిగొచ్చినవాళ్లు

చదువు మధ్యలో ఆగడం ఈ జిల్లాకు కొత్త కాదు, మళ్లీ అందుకోవడమూ కొత్త కాదు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పేద ఇంట పుట్టిన హెచ్. నరసింహయ్య, హైస్కూలు చదువుకోసం 1935లో బెంగళూరుకు నడిచిపోయాడు. 1942లో క్విట్ ఇండియా పిలుపుకు డిగ్రీ ఆఖరి ఏడు వదిలేసి జైలుకెళ్లాడు. బయటికొచ్చి చదువు పూర్తిచేసి, భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి, అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తెచ్చుకుని, 1972లో బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు. జీవితమంతా హాస్టలు గదిలోనే గడిపాడు. తను నడిపించిన నేషనల్ విద్యాసంస్థల్ని గౌరిబిదనూరు, బాగేపల్లి దాకా తెచ్చాడు.

ఆ 1942లోనే అమెరికాలో యుద్ధానికి పోయి హైస్కూలు మానిన సైనికుల కోసం జీఈడీ అనే సమాన పరీక్ష పుట్టింది. తర్వాత అది పౌరులందరికీ వచ్చింది. బడి బయట నేర్చుకున్నది కూడా చదువేనని ఒప్పుకోవడం దాని పునాది.

మన దగ్గర దీనికి దగ్గరి పని తెలుగునాట జరిగింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాలకు తెచ్చింది. పన్నెండేళ్లవాణ్ని ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టకుండా, కొన్ని నెలల్లోనే వయసుకు తగిన తరగతికి చేర్చింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2011లో మొదలైన ప్రథమ్ సంస్థ సెకండ్ ఛాన్స్ కార్యక్రమం బడి మానిన ఆడవాళ్లచేత పది రాయిస్తుంది. వాళ్లూ నేరుగా పది పుస్తకం తెరవరు, ముందు పునాది తరగతులు పెడతారు.

బాగేపల్లి, చింతామణి కుర్రాళ్లకు కరువైంది ఈ పునాదే. భిన్నాలు, శాతాలు, ఒక ఇంగ్లీషు వాక్యం తప్పుల్లేకుండా రాయడం. సాయంత్రం పని దిగాక రెండు గంటలు, తెలుగులో విడమరిచి చెప్పి కన్నడలో రాయించే మాస్టారు ఒకరు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్ని అరివు (జ్ఞాన) కేంద్రాలుగా మార్చారు. బల్లలున్నాయి, దీపాలున్నాయి, చాలాచోట్ల కంప్యూటరూ ఉంది. సాయంత్రం ఏడు తర్వాత వాటికి తాళం వేసి ఉంచడం దండగ. రిటైరైన టీచర్లు ఈ రెండు తాలూకాల్లోనూ బోలెడుమంది ఉన్నారు. పంచాయతీ అధ్యక్షులు తీర్మానం చేసి తాళంచెవి వాళ్ల చేతికిస్తే పని మొదలవుతుంది.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక విన్నపం. ఏప్రిల్ పరీక్షలకు ఎన్ఐఓఎస్ ప్రవేశాలు అంతకుముందు ఏడాది మార్చి మధ్యలో మొదలై జులై ఆఖరు దాకా ఉంటాయి. గడువు దాటితే అదనపు రుసుము కట్టాలి. ఎస్సెల్సీకి ఎప్పుడు కట్టాలో, ఏ హైస్కూలు ద్వారా కట్టాలో తాలూకా బీఈఓ (విద్యాధికారి) కార్యాలయంలో చెబుతారు. మీ వీధిలో "ఫేలు సార్" అని తల తిప్పుకునేవాడు ఒకడుంటే, టీసీ, ఆధార్, రెండు ఫొటోలు పట్టుకు రమ్మని చెప్పి ఆ ఆఫీసు దాకా మీరే వెంట వెళ్లండి.